జోడు పుస్తకాల బావ

మా పుస్తకాల బావ పోయాడని చెప్పిన ఫోనే, ఆయన కొట్టు ఆదివారం లోపల ఖాళీ అయిపోతుందని కూడా చెప్పింది. చేసినవాడు ఆయన అల్లుడు. రెండు మాటల మధ్య ఊపిరైనా తీసుకోలేదు. నేనప్పుడు గోపాలపట్నంలో మా ప్రార్థన మందిరం బల్లలు తుడుస్తున్నాను. ముందు దుఃఖం రావాలి కదా, నాకు రోత వచ్చింది. ఈ రాతలో కన్నీళ్ల కంటే ఆ రోతే ఎక్కువ కనిపిస్తే నన్ను క్షమించక్కర్లేదు. మీరూ కాస్త రోతపడండి, చాలు.

ఆయన నాకు చుట్టం కాడు. జాలరిపేటలో సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టినవాడు. నేను సాయంత్రాలు వీధుల్లో వాక్యం చెప్పుకునేవాణ్ణి. మా వైపు మగాడికి మగాడు బావే కాబట్టి బావ అయ్యాడు. పోర్టుకి దగ్గర్లో, వన్‌టౌన్ సందులో ఆయనది ఇరుకు కొట్టు. తెల్లవాళ్లు మనల్ని ఏలిన కాలం గురించి తప్ప వేరే పుస్తకం పెట్టేవాడు కాదు. ఉప్పు మీద పన్ను, కొండల్లో తిరుగుబాట్లు, కరువులు, ఇక్కణ్ణుంచి ఓడెక్కి రంగూన్ పోయిన కూలీలు, మిషన్ బడులు. పొద్దున్నే పోర్టు నుంచి వచ్చి వాలిన నల్లదుమ్మును ఒక్కో అట్ట మీంచి తుడవడంతో ఆయన పని మొదలయ్యేది. ఆ దుమ్ముని నేను తిట్టుకుంటుంటే, "ఓడలొత్తన్నాయని గురుతు బావా, పోనీ" అనేవాడు.

ఏ పుస్తకాన్నీ ఒంటిగా అమ్మేవాడు కాదు. ఏలినవాడు రాసిన పాతది ఒకటి, ఏలుబడి కింద నలిగినవాళ్ల వైపు నుంచి ఈమధ్య వచ్చిన కొత్తది ఒకటి, రెండూ కలిపి నీలం వల దారంతో కట్టి పెట్టేవాడు. వలలు అల్లేవాళ్లు వేసే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది. చిరిగిన అట్టల్ని కుట్టేదీ ఆ దారంతోనే.

నేను మొదటిసారి వెళ్లింది మన్యంలో సువార్త చెప్పిన ఒక దొరగారి జీవితకథ కోసం. చక్కటి తోలు అట్ట. దానికి జోడుగా ఒక సన్నటి పుస్తకం కట్టి ఉంది. దొరల పల్లకీలు మోసిన బోయీల గురించట.

"ఈ సన్నది నాకొద్దు. దొరగారిది విప్పి ఇవ్వండి" అన్నాను.

"జోడు ఇప్పను బావా."

"నాకక్కర్లేనిది నాకెందుకు అంటగడతారు?"

"ఒక్క సాచ్చి మాట మీద తీర్పు సెప్పకూడదని మీ వాక్యంలో లేదేటి? మొన్న మా పేటలో మైకెట్టి నువ్వే సెప్పావు. నాను ఇన్నాను."

ధర్మశాస్త్రంలో ఉన్నమాటే. నేను గొంతు చించుకుని చెప్పినదే. జోడు మోసుకుని ఇంటికి వచ్చాను. రెండూ చదివాక దొర మీద నాకు గౌరవం పోలేదు. కానీ ఆయన కొండెక్కాడని చెప్పినప్పుడల్లా ఎవరి భుజాల మీద ఎక్కాడో కూడా చెప్పడం అలవాటైంది. మందిరంలో కొందరికి అది మింగుడు పడలేదు. పడకపోతే మానె.

ఒకసారి పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన సందు మొదట్లో కారాపి వచ్చి, తోలు అట్టది ఒక్కటే కావాలన్నాడు. ఇంకోసారి కండువా వేసుకున్న నాయకుడొకాయన, తెల్లోడి పుస్తకం ముట్టనని కొత్తదే అడిగాడు. ఇద్దరికీ ఒకటే జవాబు: "తలొకడికి, తోకొకడికి కోసిచ్చీడానికి ఇది మా ఆడదాని సేపల గంప కాదు బాబూ."

వెనక స్టూలు మీద కూర్చున్న అక్క, అంటే ఆయన భార్య, ఒకప్పుడు నిజంగానే గంప మోసిన మనిషి, ఊరుకునేది కాదు. "నా గంప ఊసెందుకు? నా సేపలైనా అమ్ముడయ్యీవి."

ఆయన ఆ మాటకి కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఇప్పటికీ నాకు ఆ సందులోకి వెళితే ముందు వినిపించేది ఆ నవ్వే.

కబురు అందిన రోజే జాలరిపేట వెళ్లాను. అక్క ఏడుపు ఆపి నా చెయ్యి పట్టుకుంది. "తమ్ముడూ, కొట్టు అల్లుడు సూసుకుంతాడు. నాకేటీ ఒద్దు. ఆయనేసిన ముళ్లు మట్టుకు ఇప్పనీకు. నలుగురు సదివే సోట జోడుగా ఎట్టించు."

"అలాగే అక్కా" అని మాటిచ్చాను.

ఆ మాట పట్టుకుని తిరిగాను. మా మందిరం చిన్నదని ఊళ్లో పెద్ద చర్చిలో అడిగితే, కమిటీ పెద్దలు బీరువాలో చోటు లేదన్నారు. ఆ బీరువాలో పాత కర్టెన్లున్నాయి, నేను చూశాను. ఒక లైబ్రరీలో చెద పురుగుల భయం చెప్పారు. చల్లగానూ వేడిగానూ లేని మనుషుల్ని ప్రభువు నోట్లోంచి ఎందుకు ఉమ్మేస్తానన్నాడో ఆ వారం నాకు నాలుక మీదే తెలిసింది.

శనివారం కొట్టుకి వెళ్లేసరికి పనివాళ్లు దిగిపోయారు. బీచ్ రోడ్డులో కొత్త హోటల్ గోడకి తోలు అట్టల పుస్తకాలు కావాలట. ముడి విప్పడం వాళ్లకి చేతకాలేదు. జోడులోంచి పాతదాన్ని గుంజి లాగేస్తున్నారు. కొత్తవి చిత్తు కాగితాల బస్తాల్లో కుక్కుతున్నారు.

"ఇదేం పని బాబూ? మీ అత్తయ్య నీకేమీ చెప్పలేదా?" అని అల్లుణ్ణి అడిగాను.

"ఏటి పాస్టరు గారూ," అన్నాడు చెమట తుడుచుకుంటూ, "మామున్నప్పుడు కొనీవోడు లేడు. పోయేక అందరికీ పేమే. అంత పేముంటే బస్తాలు మీరే అట్టుకుపోండి."

"నేను పాస్టర్ని కాను. తోలువి కూడా ఇవ్వు."

"అవి హోటలోళ్లకి సెప్పీసేను. మాట ఇచ్చీసేను కదా."

అతనూ మాటిచ్చాడట. బస్తాలు ఆటోలో వేసుకుని గోపాలపట్నం వచ్చాను.

తరవాత నగరంలోని పుస్తకప్రియులు సంస్మరణ సభ పెట్టారు. ఎక్కడో చెప్పమంటారా? ఆ హోటల్లోనే. టీ, జీడిపప్పు బిస్కెట్లు. వక్త వెనక గోడంతా తోలు అట్టలు. "మన చరిత్రను కాపాడిన మహనీయుడు" అంటున్నాడాయన. నా చూపు ఆయన తల పక్కన ఒక అట్ట దగ్గర ఆగిపోయింది. దాని మీద నీలం దారం కుట్టు. ఉప్పు పన్ను గురించి ఒక దొర రాసిన పుస్తకం అది. ఆగలేక లేచి వెళ్లి, వేలు దూర్చి లాగాను. రాలేదు. బ్లేడుతో పుస్తకం వీపు మాత్రం కోసి ప్లైవుడ్ చెక్కకి అతికించారు. దాని వెనక ఒక్క కాగితం లేదు. గోడంతా అంతే. పైకి తెల్లగా, లోపల కుళ్లుగా ఉండే సున్నం కొట్టిన సమాధుల గురించి ఎన్నోసార్లు బోధించాను కానీ చేత్తో తడిమింది అదే మొదలు.

నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. "ప్రవక్త రాయించిన గ్రంథపు చుట్టని ఒక రాజు చాకుతో కోసి కుంపట్లో వేశాడు. ఆ రాజు నయం. అందులో మాటలకి భయపడి కోశాడు. మీరు మాటలున్నాయన్న సంగతే పట్టించుకోకుండా కోశారు."

"కాస్త నెమ్మదిగా అండీ, సంతాప సభ కదా" అన్నారెవరో. బిస్కెట్ల ప్లేటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూనే ఉంది. నేను మెట్లు దిగి నేరుగా జాలరిపేట నడిచాను.

"మాట నిలబెట్టలేకపోయాను అక్కా. జోళ్లు విడిపోయాయి" అన్నాను.

ఆమె వెంటనే అడిగింది. "ముళ్లో?"

"ముళ్లున్నాయి. విప్పలేకపోయారు."

"ఉండనీ. నువ్వు కూడా ఇప్పకు."

విప్పలేదు. మందిరంలో కిటికీ పక్క అలమరలో బస్తాల్లోని ఆ సన్నటి కొత్త పుస్తకాలు నిలబెట్టాను. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. ఒక్కోదాని నడుం చుట్టూ నీలం దారం వదులుగా వేలాడుతోంది. ముడి బిగుసుకునే ఉంది. లోపల ఇంకో పుస్తకం పట్టేంత సందు.