సీతారావమ్మ గారి పెళ్ళికారు

పక్కవాటాలో ఉండే కుర్రవాడు ఎవరి దగ్గరో ఒక పాతకారు కొన్నాడు. నిన్న పొద్దున దాన్ని స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నాడు. ఇంజను గుర్రుగుర్రుమని తిరుగుతుందే తప్ప అందుకోదు. పచ్చి పెట్రోలు వాసన మా వసారాలోకి వచ్చింది. నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టి, నాకు తెలియకుండానే కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ దిగులు పుడుతుంది. ఒకప్పుడు గురజాలలో ఒక మనిషి పరువంతా ఆ చప్పుడు మీద ఆధారపడి ఉండేది. ఆమె పేరు సీతారావమ్మ గారు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్త. పెట్రోలు ఇంకా కూపన్ల మీదే ఇస్తున్నారు. సీతారావమ్మ గారి భర్త ముచ్చటపడి, టాపు వెనక్కి మడిచే కారొకటి కొన్నాడు. దాని మీద మోజు తీరకముందే విషజ్వరం వచ్చి పోయాడు. కారు అమ్మెయ్యమన్నారు బంధువులంతా. ఆమె అమ్మలేదు, పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పడం మొదలుపెట్టింది. భర్త పోయిన మనిషి ఎదురొస్తేనే ముఖం తిప్పుకునే రోజులవి. అలాంటిది దాచేపల్లి నుంచి మాచర్ల దాకా పెళ్ళికొడుకులు ఆమె కారులోనే ఊరేగేవారు. కారు వెళ్ళేది, ఆమె వెళ్ళేది కాదు. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరితో వాదన పెట్టుకునేది. తన గొప్ప చెప్పుకోవడానికి ఏమాత్రం మొహమాటపడేది కాదు. "కారు కొన్నది ఆయన, నేర్చుకున్నది నేను. ఆయనకు చేతికి మసి అంటితే అన్నం సయించేది కాదు" అనేది. నిజమే. స్పానరు పట్టుకుని ఇంజను మీదకి వంగితే, డ్రైవరు మస్తాన్ కూడా పక్కకు తప్పుకునేవాడు.

వాళ్ళ ఎదురిల్లే మాది. బి.ఏ. ప్యాసై, ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను ఆమె జీతానికి పెట్టుకుంది. అత్తయ్యా అని పిలిచేవాణ్ణి. బుకింగులు చూడడం, కూపన్ల కోసం తాలూకా ఆఫీసు చుట్టూ తిరగడం నా పనులు. అసలు పని వేరే ఉంది. ప్రతి పెళ్ళికీ కారుతోపాటు వెళ్ళి, అక్కడ ఏం జరిగిందో తిరిగొచ్చి ఆమెకు చెప్పాలి. తాను అడుగుపెట్టలేని చోటికి నన్ను కళ్ళుగా పంపేది.

కారంపూడి పెళ్ళిలో కారు మొదటిసారి మొరాయించింది. గురజాల నుంచి చక్కగా వెళ్ళింది. విడిది ముందు ఆపి, పూలు కట్టి, పెళ్ళికొడుకును కూర్చోబెట్టాక మస్తాన్ స్టార్టరు నొక్కితే ఇంజను తిరిగిందే గాని అందుకోలేదు. హ్యాండిలు వేసి తిప్పినా అంతే. చివరికి పెళ్ళికొడుకును ఎడ్లబండి ఎక్కించారు. మర్నాడు పొద్దెక్కాక అదే కారు ఏమీ ఎరగనట్టు ఒక్కసారికే స్టార్టయింది.

"ఏమైందిరా?" అని అడిగింది సీతారావమ్మ గారు.

"ఉన్నట్టుండి ఆగిపోయింది అత్తయ్యా."

"ఉన్నట్టుండి ఏందిరా? ఆపిందెవరు? మళ్ళీ స్టార్టు చేసే లోపల దాని దగ్గరికి ఎవరెవరు పోయారు?"

"నేను భోజనానికి కూర్చున్నాను. వాళ్ళు చెప్పారు..."

"వాళ్ళు చెప్పేది వినడానికైతే నువ్వెందుకు? బజార్లో నిలబడితే నా చెవినే పడిద్ది. చూసింది చెప్పు. చూడకపోతే చూడలేదని చెప్పు."

నరసరావుపేట నుంచి మెకానిక్కును పిలిపించింది. అతను ప్లగ్గులు గీకి శుభ్రం చేశాడు. పెట్రోల్లో కిరసనాయిలు కలిసిందేమోనని ట్యాంకు కడిగాడు. నెమ్మదిగా ఊరేగించడం వల్ల బ్యాటరీ దిగిపోతుందేమో అన్నాడు. ఊరేగింపు మొదలే కాలేదు కదయ్యా అని ఆమె విసుక్కుంది. అతను ఎన్నిసార్లు చూసినా, వాకిట్లో మాత్రం కారు బుద్ధిగా పలుకుతూనే ఉంది.

తర్వాత వెల్దుర్తిలోనూ అదే జరిగింది. ఈసారి నవ్వులాటగా పోలేదు. "మొగుడు పోయినామె కారు తెచ్చి పెళ్ళికి పెడితే ఇంకేమయిద్ది?" అని ఒక ముసలాయన అందరికీ వినపడేలా అన్నాడు. ఆ మాట కారుకంటే ముందే గురజాల చేరింది. వారం తిరక్కుండా మూడు బుకింగులు రద్దయ్యాయి. మిగిలింది గురజాలలోనే ఒకటి. పెద్దరైతు వెంకయ్య గారి కూతురి పెళ్ళి. అక్కడా ఆగితే పల్నాడులో ఆ కారును మళ్ళీ ఎవరూ పిలవరు. అద్దె పోతుందన్న బెంగ ఆమెకు లేదు, పొలం ఉంది. తన నీడ మంచిది కాదని ఊరు తేల్చేస్తుందన్నదే ఆమె బాధ. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఆ వారం ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు, అంతే.

వెల్దుర్తిలో మాత్రం నేను భోజనాల బంతిలో కూర్చోలేదు. కారు పక్కనే నిలబడ్డాను. ఆ వారం చివర ఆమె మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంటే, వాళ్ళ వాకిట్లో నిలబడి చూసిందంతా వరసగా చెప్పాను. కారు వేపచెట్టు నీడన ఆపారు. ముత్తయిదువలు అద్దానికి పసుపు రాశారు. పురోహితుడు బానెట్టు ఎత్తించి ఇంజనుకు బొట్టుపెట్టాడు. రెండు కొబ్బరికాయలు కొట్టాడు.

"ఎక్కడ కొట్టాడు?"

"ఇంజను మీదే."

"ఎప్పుడూ చక్రం ముందర నేల మీద గదా కొట్టేది? ఇంజను మీద ఎందుకు?"

ముత్తయిదువల పసుపు సంగతికి మాట మళ్ళించబోయాను. ఆమె వదల్లేదు.

"కారు... మీది కదా అని అత్తయ్యా. దోషం పోవాలంటే ఇంజనుకే కొట్టాలన్నారు. కారంపూడిలో ఒకటి కొట్టారట, అది చాల్లేదని ఇక్కడ రెండు కొట్టించారు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె మంచం మీంచి లేచి, "మస్తానూ, బానెట్టు ఎత్తు. ఒరేయ్, లోపల పీట మీద కొబ్బరికాయ ఉంది, తీసుకురా" అంది.

మస్తాన్ ముందుగా ఇంజను స్టార్టు చేసి చూపించి, ఆపాడు. ఆమె కాయ ఎత్తింది. "అమ్మా, మీరు కొడతారా?" అన్నాడతను, గొంతు తగ్గించి.

"ఏం, నేను కొడితే పగలదా?"

ఇంజను నెత్తిన నల్లటి మూతతో గిన్నెలాంటి భాగం ఒకటి ఉండేది. బ్యాటరీ దగ్గర్నుంచి వచ్చే కరెంటును ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా పంచేది అదే. మస్తాన్ దాన్ని డిస్ట్రిబ్యూటర్ అనేవాడు, ఆమె పంపకాల గిన్నె అనేది. దాని పక్కనున్న ఇనప అంచు మీద కాయ కొట్టింది. నీళ్ళు చిమ్మి మూత మీద పడి, అంచుల్లోకి దిగాయి.

"ఇప్పుడు నొక్కు."

ఇంజను తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ నొక్కినా అదే గుర్రు. ఆ చప్పుడుకు అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు. రెండు చేతులూ చరిచి నవ్వింది. "ఆగిందిరా! నా కారు ఆగింది!" అని వీధిలోకి కేకేసింది. ఎదురింట్లోంచి మా అమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. మూత ఊడదీస్తే లోపలంతా తడి, దాని కింద పాత కాయల నీళ్ళు ఎండిన జిగురు. పోవలసిన దారి వదిలేసి కరెంటు ఆ జిగురు వెంట అడ్డదిడ్డంగా పాకిన నల్లటి గీతలు కూడా కనపడ్డాయి. ఎండెక్కి ఆ తడి ఆరితే స్టార్టు కాక ఏం చేస్తుంది? పెట్రోలు గుడ్డతో తుడిచి, నీరెండలో ఆరబెట్టి, గీతలు గీకి మూత బిగించింది. నొక్కగానే కారు అందుకుంది.

పెళ్ళినాటి సాయంత్రం ఆమె ఎవరి మాటా వినకుండా కారు వెంట విడిదికి నడిచి వచ్చింది. సన్నాయి ఆగిపోయింది. వెంకయ్య గారు ఎదురొచ్చాడు.

"నువ్వొచ్చావేంది వదినా?"

"నా కారు ఎట్టా కదిలిద్దో చూసుకుందామని. కాయ నేల మీద కొట్టించు వెంకయ్యా. ఇంజను మీద చుక్క పడితే ఒప్పుకోను."

"ఇంజనుకు కొట్టకపోతే ఎట్టా? అసలే ఆ దోషం..."

"ఎవరి దోషమో పేరు పెట్టి చెప్పు, నిలబడి వింటా."

వెంకయ్య గారు పురోహితుడి వైపు తిరిగాడు. ఆమె గొంతు పెంచింది. "కారు కదలకపోతే రేపే అమ్మేస్తా. మళ్ళీ ఏ పెళ్ళివారి బజార్లోనూ కనపడను. కదిలితే మాత్రం ముందు సీట్లో నేను కూర్చుంటా. ఒప్పుకుంటావా?"

జవాబు చెప్పింది ఆయన కాదు. పెళ్ళికొడుకు నాయనమ్మ అరుగు మీంచే, "ఒప్పుకున్నాం లేవే తల్లీ! ముహూర్తం దాటిపోయిద్ది, కాయ కింద కొట్టి చావండయ్యా!" అని అరిచింది. జనం గొల్లున నవ్వారు. పురోహితుడు చక్రం ముందర నేల మీద కాయ కొట్టాడు. మస్తాన్ కళ్ళు మూసుకుని స్టార్టరు నొక్కాడు.

మొదటి తిప్పుకే అందుకుంది. సన్నాయివాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే ఎత్తుకున్నారు. వెంకయ్య గారే వచ్చి ముందు తలుపు తీశాడు. సీతారావమ్మ గారు తెల్లచీర కొంగు భుజం మీదుగా లాక్కుని, వెనకనున్న పెళ్ళికొడుకు కంటే దర్జాగా కూర్చుంది. కోర్టు ముందునుంచి, అంగళ్ళ వీధి మీదుగా కారు అడుగులో అడుగేస్తూ సాగింది. అరుగుల మీద జనం లేచి నిలబడి చూశారు. ఎవరూ ముఖం తిప్పుకోలేదు. అంత మెల్లగా నడిపిస్తే బ్యాటరీ దిగుద్దని మస్తాన్ గొణిగితే, "దిగనీరా, తోసుకుపోదాం" అందట.

ఆ పెళ్ళిళ్ళ కాలమంతా కారుకు ఖాళీ లేదు. తర్వాత రెండేళ్ళకు నాకు పేపర్లో ఉద్యోగం వచ్చింది. విలేఖరిగా ఎన్నో ఊళ్ళు తిరిగాను. పంట తగలబడినా, బావిలో మనిషి పడినా, ఫలానావాళ్ళ వల్లే ఇలా జరిగిందని ఊరంతా ఒక్కమాటగా చెప్పిన సందర్భాలు చాలా వచ్చాయి. అలాంటి చోట తక్కిన పేపర్లవాళ్ళు రాసుకుని వెళ్ళిపోతారు. నేను ఇంకో గంట అక్కడే కూర్చుంటాను. దానికి ముందు ఎవరు ఏ పని చేశారో ఒక్కొక్కరినే అడుగుతాను. ఎక్కువసార్లు, వేలు చూపించినవాళ్ళ చేతులే తడిగా ఉంటాయి.