అనసూయకు చేరనివ్వని కబురు

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, పక్క మనిషిని ఎవరైనా మెచ్చుకుంటే నాకు అన్నం సహించని రోజులు ఉండేవి, ఆ చీకటిలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో చెప్పడానికే ఈ వేళ మీ ముందు నిలబడ్డాను.

మాది గుంటూరు వైపు. పెళ్లయి చైతన్యపురికి వచ్చాం, యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. తల్లి కడుపులో బిడ్డ ఎలా రూపు దిద్దుకుంటుందో నాకంటే బాగా చెప్పేవాళ్లు లేరని పేరు. కడుపులో ఉన్న బిడ్డల ప్రాణం కోసం మాట్లాడే అధ్యాపకులం, విద్యార్థులం కొంతమందిమి కలిసి ప్రార్థించుకునేవాళ్లం, చర్చలు పెట్టుకునేవాళ్లం. ఆ విషయం మీదే మూడేళ్లు కష్టపడి ఒక పెద్ద వ్యాసం రాశాను.

అంతలో అనసూయ వచ్చింది. సోషియాలజీ లెక్చరర్, పోచంపల్లి దగ్గర నేత కుటుంబం, నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆ అమ్మాయి చంపాపేట్‌లో గల్లీ గల్లీ తిరిగి, కడుపు తీయించుకున్న ఆడవాళ్ల పక్కన కూర్చుని, ఎందుకు తీయించుకున్నారో వాళ్ల మాటల్లోనే రాసింది. "పెద్ద మేడం రాసింది మంచిగుంటది, గని అనసూయ మేడం రాసింది చదివితే ఏడుపొస్తది" అని ఒక విద్యార్థిని అన్న మాట నా చెవిన పడింది. అయ్యో, ఆ ఒక్క మాట నన్ను ఎంత తినేసిందో!

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. క్యాంపస్ అంతా ఊరేగింపులు, నినాదాలు. తెలంగాణ పిల్ల అని ఆమెను ముందుకు తోస్తున్నారు, ఆంధ్రదాన్నని నన్ను పక్కన పెడుతున్నారు అని నాకు నేనే చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం, సహోదరులారా! నన్నెవరూ ఒక్క మాట అనలేదు. నా అసూయ నాకే కనబడకుండా ఉద్యమాన్ని అడ్డం పెట్టుకున్నాను.

మా బృందం ఒక సెమినార్ పెట్టింది, అందులో అనసూయ వ్యాసం చదవాలి. పెట్టుకున్న శుక్రవారమే బంద్ అన్నారు, దాంతో ఒక రోజు ముందుకు జరిపి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాలుకు మార్చారు. "అనసూయ గారి ఫోను కలవడం లేదండీ, పక్క గదే కదా, మీరు చెప్పేయండి" అన్నారు బృందంవాళ్లు నాతో. చెబుతానన్నాను. చెప్పలేదు! ఆమె గది ముందు నుంచే రెండుసార్లు నడిచి వెళ్లాను, తలుపు తీసే ఉంది, పలకరించి మరీ వెళ్లాను.

గురువారం ఆమె రాలేదు. నా వ్యాసం నేనే చదివాను. ఆవేశం వచ్చి, కడుపు తీయించుకునేవాళ్లు హంతకులని కూడా అన్నాను, చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒక అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. చూశాను. ఆగలేదు.

బంద్ రోజు పొద్దున్నే అనసూయ మా ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. "మేడం, నిన్న స్వరూప ఒచ్చిందా? పీజీ పిల్ల, మూడో నెల. పెళ్లి చేసుకుంటనన్న పిలగాడు ఒదిలేసిండు. సెమినార్‌కు రా, అయినంక మా ఇంటికి పోదామని నేనే చెప్పిన. ఎల్బీ నగర్ల దవాఖానకు పోతున్న అని ఇప్పుడు మెసేజ్ పెట్టి ఫోన్ బంద్ చేసింది. అసలు సెమినార్ నిన్ననే అయిందంట, పిల్లలందరికి చెప్పిండ్రంట, నాకెవ్వరు చెప్పలె!"

"నాకు చెప్పమన్నారు అనసూయా. కావాలనే చెప్పలేదు" అన్నాను.

ఆమె అప్పటికే గుమ్మం వైపు తిరిగింది. "గవన్ని తర్వాత మేడం. ముందు పిల్ల దొరకాలె. చెప్పులేసుకోండ్రి" అంది.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ దాకా ఇద్దరం నడిచాం. మెసేజ్‌లో రాసిన ఆ క్లినిక్ బంద్ వల్ల షట్టరు దించి ఉంది, దాని మెట్ల మీద స్వరూప కూర్చుని ఉంది, నిన్న చున్నీ అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిన అమ్మాయే! దేవునికే స్తోత్రం!

"నన్ను క్షమించమ్మా" అన్నాను. "మీరు చెప్పింది అబద్ధమని కాదు మేడం. లోపల గుండె కొట్టుకుంటదని నాకు తెల్వదా? నేను ఏడికి పోవాలె, ఎవరింట్ల ఉండాలె, గది చెప్పలె మీరు" అంది స్వరూప, అనసూయ భుజం మీద పడి ఏడ్చింది.

సహోదరులారా, దాచకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నా లోపల చురుక్కుమంది, నా భుజం మీద పడి ఏడవలేదేమని! అప్పుడు నా మీద నాకే భయం వేసింది. ఆ ఫుట్‌పాత్ మీదే మోకాళ్లూనాను: "యేసయ్యా, బిడ్డల ప్రాణం గురించి ఇంత మాట్లాడి, నా పేరు కోసం ఒక బిడ్డనూ తల్లినీ ఒదిలేశాను. ఈ రోగం నా వల్ల పోదు, నువ్వే తీసెయ్యి తండ్రీ!"

అనసూయ ఉండేది ఒక్క గదిలో, అందులోనే అత్తగారు. మా ఇంట్లో ఒక గది ఖాళీ. "మా ఇంట్లో ఉండమ్మా, అనసూయ రోజూ వస్తుంది" అన్నాను. స్వరూప చున్నీతో మొహం తుడుచుకుంది. "బిడ్డను కంట. గని మా అమ్మకు మీరిద్దరే చెప్పాలె" అంది. బస్సులు తిరగగానే బాటసింగారం అవతల వాళ్ల ఊరికి వెళ్లి చెప్పాం, తిట్లు తిన్నాం, పది రోజులకు ఆ తల్లి బియ్యం మూట పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

ఆ బంద్ తర్వాతి ఆదివారమే బృందం ముందు నా తప్పు ఒప్పుకున్నాను, అనసూయ వ్యాసం చదివించాను, చివరి వరసలో కూర్చుని విన్నాను, నాకూ ఏడుపొచ్చింది. అసూయ ఒక్క రోజులో పోలేదు, మెల్లమెల్లగా పోయింది. అనసూయ నాతో మామూలుగా మాట్లాడటానికి నెలలు పట్టింది. పాప పుట్టిన రోజు ఆమే బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చింది, "పట్టుకో అక్కా" అని నా చేతుల్లో పెట్టింది. అప్పటిదాకా నేను ఆమెకు మేడమ్‌నే! దేవునికే మహిమ కలుగును గాక!

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికైనా పక్కవాళ్ల మంచి చూస్తే గుండె మండుతుంటే, దాన్ని పెంచుకోకండి, ప్రభువు ముందు పెట్టండి, ఆ తర్వాత లేచి ఆ మనిషి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. ఒంటరిగా బిడ్డను మోస్తున్న చెల్లెలు ఎవరైనా ఉంటే, అమ్మా, భయపడకు, మా ఇల్లు చైతన్యపురిలోనే, ఎప్పుడైనా రావచ్చు. ఆమేన్.