మన్ను తినే రాక్షసుడు

నా చిన్నప్పుడు మా ఇంటికీ సముద్రానికీ మధ్య రెండు వీధులు ఉండేవి. ముందు వీధి చేపలు పట్టే పల్లెవాళ్లది, వెనక వీధి మా నేతవాళ్లది. నాకు ఊహ తెలిసేసరికి ముందు వీధిలో సగం నీళ్లలోకి పోయింది. కొత్తగా వచ్చిన చుట్టాలు మా ఇల్లు ఎక్కడ అని అడిగితే, సముద్రం నుంచి మూడో ఇల్లు అని చెప్పేవాళ్లం. వాళ్లే మరుసటి ఏడు వస్తే రెండో ఇల్లు అనేవాళ్లం. ఉప్పాడలో పుట్టినవాళ్లకు ఇందులో వింత ఏమీ లేదు.

మా తాతయ్య నేతగాడు, మా క్రైస్తవ సంఘానికి పెద్ద. వయసులో ఉండగా కరువు తరిమితే ధవళేశ్వరం పోయి ఆనకట్ట పనిలో రాళ్లు మోశాడట. అక్కడే, కూలీల పాకల మధ్య, ఎవరో చెప్పిన వాక్యం విని ప్రభువును నమ్ముకున్నాడు. గోదావరి ఆగడం, తన మనసు తిరగడం, ఈ రెండూ ఆయనకు ఒకే జ్ఞాపకం. “అంత గోదారే ఆగిందమ్మా” అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. మనుషులు రాళ్లు వేస్తే నది ఆగినప్పుడు, దేవుడు చెయ్యి అడ్డం పెడితే సముద్రం ఆగదా అన్నది ఆయన నమ్మకం. నాకు అక్షరాలు దిద్దించింది ఆయన. మోకాళ్ల మీద నిలబడి ప్రార్థించడం నేర్పింది ఆయన. ఆయన విశ్వాసాన్ని తక్కువ చేయడానికి నేను ఈ మాటలు రాయడం లేదు.

మా ఇంట్లో రాక్షసుల కథలు చెప్పకూడదు. దుష్టుడి గురించి పిల్లలు తెలుసుకోవలసింది ఒక్కటే, వాడి నుంచి పారిపోవడం అనేవాడు తాతయ్య. అందుకని ఆ కథల కోసం నేనూ మా తమ్ముడూ పక్కింటి పిన్ని దగ్గరికి పోయేవాళ్లం. ఆమె పల్లెవాళ్ల మనిషి. ముందు వీధిలో ఆమె ఇల్లు పోయాక మా గోడ పక్కనే పాక వేసుకుంది. తెల్లవారి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి, పొద్దు వాలాక వచ్చి, కాళ్లు కడుక్కుని, మాకు కథ చెప్పేది. ఆమె కథల్లో రాక్షసులు పూర్తిగా చెడ్డవాళ్లుగా ఉండేవారు కారు. ఒకడు ఊళ్లు తగలబెడతాడు గాని చెల్లెలికి జ్వరం వస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తాడు. ఇంకొకడు రాజుల్ని రాళ్లుగా మారుస్తాడు గాని ఓడిపోతే ఓడిపోయానని నిజం ఒప్పుకుంటాడు. ఇదేంటి పిన్నీ, చెడ్డవాడు కదా అని నేను అడిగితే, “చెడ్డోడికైనా అమ్మ ఉంటాది కదే” అని తేల్చేసేది.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. వాన తగ్గింది గాని సముద్రం వెనక్కి పోలేదు. ప్రతి పోటుకీ కొంచెం కొంచెం ఒడ్డు కోసుకుంటూ వచ్చింది. మా ముందున్న ఇల్లు కూడా పోయింది. ఆ ఆదివారం ఆరాధనలో తాతయ్య లేచి నిలబడి, తాను ప్రార్థించాననీ, నీళ్లు తన గడప దాటవనీ, ఇది దేవుడు తనకిచ్చిన మాట అనీ అందరి ఎదుటా చెప్పాడు. సంఘమంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా నేనే అన్నాను. నాకు అంత సంతోషంగా ఉంది.

పౌర్ణమి నాటికి మా మగ్గం గుంటలో ఉప్పునీరు ఊరింది. నేతగాడు కాళ్లు కిందికి వదులుకుని కూర్చునే గుంట అది. ఇంట్లో అన్నిటికంటే లోతైన చోటు, అన్నిటికంటే ముందు తడిసిన చోటు. మా నాన్న పొద్దున్నే పడుగు చుట్టేసి, మగ్గం విప్పి, కర్రలు బండి మీద వేసి ప్రార్థన పాకకు చేర్చాడు. అమ్మ గిన్నెలూ, పాతబట్టలూ, మమ్మల్నీ బయటికి తెచ్చింది. తాతయ్య రాలేదు. మగ్గం లేని మగ్గం గుంటలో, నేసే రోజుల్లో కూర్చున్నట్టే, మోకాళ్ల దాకా నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

నాన్న బతిమాలాడు. అమ్మ ఏడ్చింది. చివరికి నాన్న చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు. తాతయ్య పెనుగులాడలేదు.

“మోసుకుపోతే పోరా. నేను బక్కవాణ్ణి, ఎత్తగలవు. కాని దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసింది నువ్వు అవుతావు.”

నాన్న చేతులు వదిలేశాడు. ఆ చేతులు అలా జారిపోవడం నేను గుమ్మంలోంచి చూశాను. ఆయనా నమ్మినవాడే మరి. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఆ మాట. రెండింటి ముందూ మా నాన్న బలం దేనికీ పనికిరాలేదు. బయటికి వచ్చి ఇసుకలో కూలబడ్డాడు.

సంఘం వాళ్లు వచ్చారు. కొంచెం దూరంగా నిలబడి పాటలు పాడారు. లోపలికి పోయి, పెద్దాయనా, లేచి రండి అని ఒక్కరూ అనలేకపోయారు. ఆయన చెప్పిందానికి ఆమేన్ అన్న నోళ్లే కదా అన్నీ. పల్లెవాళ్ల మగవాళ్లు కొందరు పడవలు పైకి లాక్కుంటూ మా వైపు చూశారు. “ముసలాయన దారికి అడ్డం కూర్చుని సముద్రాన్ని సుంకం అడుగుతున్నాడ్రా” అని ఒకడు నవ్వాడు. తరవాత వాడికే నవ్వు రాలేదు. సముద్రం వైపు గోడ అడుగున మట్టి ముద్దలు ముద్దలుగా జారుతోంది.

అప్పుడు పక్కింటి పిన్ని వచ్చింది. తన కుండలు మోసుకుపోయి ఎక్కడో పెట్టి, మళ్లీ తిరిగి వచ్చింది. మా వీధి గుమ్మం ముందు ఇసుకలో చతికిలబడి, తమ్ముణ్ణి ఒళ్లోకి లాక్కుని, “రావే, కథ చెప్తాను” అని నన్ను పిలిచింది. ఇల్లు పడిపోతుంటే కథ ఏమిటని అమ్మ కోపంగా చూసింది. పిన్ని అమ్మ వైపు చూడలేదు. చేపలు అమ్మేటప్పుడు వీధి చివరి దాకా వినిపించే గొంతుతో మొదలుపెట్టింది.

సముద్రం అడుగున ఒక రాక్షసుడు ఉన్నాడట. వాడి తిండి మన్ను. కొబ్బరి తోటలు, మంచినీళ్ల నూతులు, పడవలు, వలలు ఆరేసుకునే దిబ్బలు, అన్నీ తిన్నాడు. ఎవరు ఏడ్చినా జాలిపడలేదు. కాని పుట్టినప్పుడు వాళ్లమ్మ వాడితో ఒట్టు వేయించుకుందట. నీ వాటా మన్ను, మనిషి ఊపిరి నీ వాటా కాదు, ఊపిరి ఉన్న ఇంటి మీద నోరు వేయకూడదు అని. వాడు ఎన్ని చెడ్డ పనులైనా చేశాడు గాని ఆ మాట తప్పలేదు.

అక్కడ పిన్ని ఆగింది. మా వైపు చూసింది. కథ వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ ముందుకు పోదు. అది మా అందరికీ తెలుసు. కాని నేను గోడ వైపే చూస్తున్నాను. తమ్ముడు ఎక్కిళ్లు పెడుతున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక కెరటం వచ్చి గోడకు కొట్టుకుని వెనక్కి పోయింది. పిన్ని నోరు మెదపకుండా కూర్చుంది.

లోపలినుంచి “ఊ” అని వినిపించింది.

తాతయ్య తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో నేను చెప్పలేను. ఆయనా ఒకప్పుడు ఎవరో ఒకరి ఒళ్లో పడుకుని కథలు విన్న పిల్లవాడే కదా. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం తగ్గించలేదు.

ఒకనాడు ఆ రాక్షసుడు బాగా ఆకలి మీద ఒక ఇంటికి వచ్చాడట. నోరు తెరిచి చూస్తే లోపల ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. సరే, లేచిపోతాడులే అని నోరు తెరుచుకునే నిలబడ్డాడు. ముసలాయన లేవడు. వీడికి దవడలు పీకుతున్నాయి. నోట్లోకి పీతలు దూరి పళ్ల మీద పాకుతున్నాయి. నోరు మూస్తే ముసలాయన పోతాడు, మాట పోతుంది. అడుగునుంచి వాళ్లమ్మ, “ఒరే, తిన్నావా?” అని కేకేస్తోంది. వీడు తెరిచిన నోరు మూయకుండానే, “ఇంకా లేదే అమ్మా, పెద్దాయన లేవలేదు” అంటున్నాడు.

తెరిచిన నోటితో రాక్షసుడు ఎలా మాట్లాడతాడో పిన్ని మాట్లాడి చూపించింది. తమ్ముడు ఏడుపులోనే కిసుక్కున నవ్వాడు.

“రాక్షసుడికి మాటేంటమ్మాయ్?” అన్నాడు తాతయ్య లోపలినుంచి. “మాట మీద నిలబడేవాడైతే వాడు రాక్షసుడెందుకవుతాడు?”

“ఏమోనండి మావయ్యగారూ. వాడు మంచోడని నేను అన్లేదు. నా ఇల్లు తిన్నవాడే. మాట మటుకు ఉంది వాడికి.”

“దుష్టుడిలో నీతి ఉండదు.”

“నీతి కాదండీ, వాళ్లమ్మంటే భయం.”

కథ ఇంకా ఉందేమోనని నేను చూశాను. పిన్ని పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. ఆమెకు తెలిసిన దారి అంతవరకే ఉన్నట్టుంది. మళ్లీ కెరటం వచ్చింది. ఈసారి ఇంటి కప్పు మీద తాటాకు గలగలలాడింది. నాన్న లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

మా తమ్ముడికి అప్పటికి అయిదేళ్లు నిండలేదు. పిన్ని ఒళ్లోంచి జారి, ఎవరూ పట్టుకునేలోపల గడప దాటి లోపలికి పోయాడు. అమ్మ కేక వేసింది. నేను వెనకాల పరుగెత్తాను. వాడు మగ్గం గుంట అంచున నిలబడి తాతయ్య భుజం పట్టుకుని లాగుతున్నాడు.

“తాతయ్యా, వాడికి నోరు నొప్పెడుతోందంట. వచ్చేయ్ తాతయ్యా. పాపం.”

తాతయ్య వాడి ముఖంలోకి చూశాడు. ఇల్లు పోతుందని వాడు ఏడవడం లేదు. తాతయ్య పోతాడన్న భయమూ ఆ ముఖంలో లేదు. నిలబడి నిలబడి అలిసిపోయిన రాక్షసుడి మీద జాలి ఉంది, అంతే. తాతయ్య గుంటలోంచి కాళ్లు పైకి తీశాడు. నీళ్లలో నానిపోయి అవి తెల్లగా ముడతలు పడ్డాయి. లేవబోయి లేవలేకపోయాడు. నేను ఒక చెయ్యి పట్టుకున్నాను, నాన్న పరుగున వచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. గడప దాటేటప్పుడు తాతయ్య ఆగి, వంగి, గడపను ముట్టుకున్నాడు. అది అప్పటికే తడిగా ఉంది.

పొద్దు వాలకముందే ఇల్లు పోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. సముద్రం వైపు గోడ ముందుకు వంగి, అలిసినవాడు కూర్చున్నట్టు కూర్చుంది. కప్పు నీళ్ల మీద కొంచెంసేపు తేలింది. పాడేవాళ్లు పాడడం మానేశారు. మేమంతా నిలబడి చూశాం. చూడడం తప్ప ఆ రోజు మా చేతిలో ఏమీ లేదు. తాతయ్య అడిగింది ఒక్కటే: “మరి నేను చెప్పిన మాటో?” ఎవరిని అడిగాడో తెలియదు.

తరవాతి ఆదివారం ఆయన మళ్లీ సంఘం ముందు నిలబడ్డాడు. దేవుడు ఇవ్వని మాటను దేవుడి పేరు మీద ఇచ్చాననీ, ఆ రాక్షసుడు మాత్రం తాను ఇచ్చిన మాటనే నిలబెట్టుకున్నాడనీ చెప్పాడు. కొందరు తలలు దించుకున్నారు. ఆరాధనలోకి రాక్షసుణ్ణి తెచ్చాడని కొందరు సణిగారు. ఆయన పెద్దరికం వదులుకుని వెనక వరసలో కూర్చున్నాడు. మేము లోపలి ఊళ్లో బంధువుల ఇంటికి మారాం. అక్కడ ఒకరి మగ్గం మీద కూర్చోబోయి, గుంటలోకి కాళ్లు వదలకుండానే ఆగాడు. లేచి వచ్చేశాడు. మళ్లీ నేయలేదు. ప్రార్థన మానలేదు గాని, అందులో అడగడం తగ్గిపోయింది.

ఆయన చివరి రోజుల్లో పిన్ని ఎండు చేపలు పట్టుకుని చూడడానికి వచ్చింది. తాతయ్య ఆమెను దగ్గరికి పిలిచి, “ఆఖరికి ఆ రాక్షసుడు తిన్నాడా అమ్మాయ్?” అని అడిగాడు.

“తెలీదండి మావయ్యగారూ. అది నాకు వచ్చిన కథ కాదు. మీరు బయటికొచ్చేదాకా ఏదో ఒకటి చెప్దామనుకున్నాను, అంతే.”

“అయితే ఇంకా ఆకలి మీదే ఉన్నాడన్నమాట” అన్నాడు తాతయ్య. ఆయన గొంతులో బాధ ఉంది. మేమెవరమూ నవ్వలేదు.

నేను పెద్దదాన్నయ్యాక ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించే పనిలో పడ్డాను. చెడ్డవాళ్లను చూశాను. మమ్మల్ని ఒక్క మాటతో ఊళ్లోంచి వెళ్లగొట్టగలవాళ్లను చూశాను. వాళ్లలో ఒకరిద్దరు ఒక్కొక్క రోజు, ఎందుకో తెలియదు, చేయగలిగిన కీడు చేయకుండా వెళ్లిపోయారు. వాళ్లు మారినవాళ్లు కారు. మర్నాడు మళ్లీ వాళ్లు వాళ్లే. మంచివాళ్ల కోసం ప్రార్థించడం, దుష్టుల నుంచి కాపాడమని అడగడం తాతయ్య నాకు నేర్పాడు. మా ఇల్లు పోయిన రోజు తరవాత నా ప్రార్థనలో ఇంకొకటి చేరింది. బలం ఉండి, ఆకలి ఉండి, ఇవాళ్టికి మమ్మల్ని మింగకుండా ఆగినవాళ్లు ఎక్కడ ఉన్నారో, వాళ్లను కూడా జ్ఞాపకం చేసుకోమని ప్రభువును అడుగుతాను. వాళ్ల పేర్లు నాకు తెలియవు. ఎంతసేపు ఆగగలరో తెలియదు. వాళ్లు ఆగినంతసేపే నాలాంటివాళ్లం బతికి ఉంటామని మాత్రం తెలుసు.