తీతువు గుడ్ల మట్టం

పెన్నేటి పక్షులను కాపాడుకోవడం గురించి అటవీశాఖ వాళ్లు మా ఊరి బడిలో మీటింగు పెడితే నాలుగొందల మంది వచ్చారు. రాసేటప్పుడు చెయ్యి అలా జారుతుంది. నలభై మంది. అందులో సగం మిక్చరు పొట్లాల కోసం వచ్చినవాళ్లే.

ఎండాకాలంలో జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా ఏట్లో ఇసుకే మిగులుతుంది. ఆ ఇసుకలో, గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట గుడ్లు పెడుతుంది. గూడంటూ ఉండదు. గుడ్లేమో మచ్చలతో అచ్చం రాళ్లలాగే ఉంటాయి. ఆ పిట్ట ఇంటిమీద అరిస్తే చావు కబురొస్తుందని మావాళ్ల భయం. అందుకే గుడ్లు కనబడితే తొక్కేసి పోతారు. అటవీశాఖ నుంచి వచ్చిన అమ్మాయి "అవన్నీ మూఢనమ్మకాలు, తొక్కకండి" అని ఓపిగ్గా చెబుతుంటే వెనక వరుసలో ఒకడు ఆవులించాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను.

"మా అబ్బ చెప్తాండె. తీతువు యాడ గుడ్లు పెడితే ఆ మట్టానికి ఏట్లో నీళ్లు రావంట. గుడ్లు తొక్కేస్తే ఇంక ఆ గుర్తు మనకెవురు చూపిస్తారప్పా?"

అందరూ నావైపు తిరిగారు. ఆ అమ్మాయి పుస్తకంలో రాసుకుంది కూడా. మా అబ్బ, అంటే తాత, పులివెందులలో బట్టలు కుట్టుకునేవాడు. ఆయన ఎరిగిన పిట్ట చట్టిలో ఉడికే కోడి ఒక్కటే.

మాట మాత్రం పనిచేసింది. మేకలు కాసేవాళ్లే గుడ్ల చుట్టూ రాళ్లు పేర్చారు. నెల రోజులు నేను ఏటికి యజమానిలా తిరిగాను.

ఒకరోజు మైకు కట్టుకుని ఆటో వచ్చింది. తాగునీటికి పైనుంచి ఏట్లోకి నీళ్లు వదులుతున్నారు, రేపటికల్లా నీళ్లు తోడే ఇంజన్లు ఒడ్డుకు చేర్చుకోండి అని చెప్పిపోయింది. ఏట్లో పుచ్చతీగ వేసినవాళ్లంతా పరుగెత్తారు. టీ అంగడి దగ్గర ఎవరో అన్నారు:

"ఆ కువైటాయన పెండ్లాం తియ్యదంట. ఇంజనుకు దిగువన తీతువు గుడ్లుండాయి, ఈడికి నీళ్లు రావు అంటాంది."

టీ సగంలోనే వదిలేశాను. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాను. లేచాను. ఫ్యాను వేశాను, ఆపాను. మొగుడు కువైట్‌లో ఎండకు మాడి పంపిన డబ్బుతో ఆమె కొనుక్కున్న ఇంజను అది. చెప్పులేసుకున్నాను.

"యాడికి?" అంది మా ఆవిడ.

"ఈడికే."

ఏట్లో ఆ కువైటాయన పెండ్లాం తీగల మధ్య వంగి కాయలమీద ఎండుగడ్డి కప్పుతోంది.

"మేయ్, ఇంజను తీపిచ్చు."

"ఏంది మామా, నువ్వే గదా చెప్పింది! ఆడ సూడు, నాలుగు గుడ్లు. ఇంకో రెండు తడులిస్తే కాయ కోతకొస్తాది."

"అది మా అబ్బ చెప్పలేదు. నేనే పుట్టించినా."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "పోయినేడు గండికోట కాడ చిరుతపులిని చెప్పుతో కొట్టినానంటివి."

"అది కుక్క."

"ఆపొద్దు పులి, ఈపొద్దు కుక్క. రేపు మళ్లా గుడ్ల మాట నిజమంటావు. పో మామా, ఎండకు తల తిరుగుతాది."

అబద్ధాన్ని నలభై మంది నమ్మారు. నిజానికి ఒక్క మనిషి దొరకలేదు. ఇంకేం చెయ్యాలో తోచక, ఆగి ఉన్న ఆ ఇంజను మీదే ఎక్కి కూర్చున్నాను.

"ఏంది చేస్తాండావు?"

"నీళ్లు రావు గదా. కూచుంటా. రేపు దాకా ఈడే."

"దిగు మామా! నీకేమన్నా అయితే అత్త నన్ను బతకనిస్తాదా?"

"బతకనియ్యదు."

మూడు గంటలు ఆ ఎండలో కదలకుండా కూర్చున్నాను. నిజానికి ముప్పావు గంట. అందులోనూ ఆమె చెంబుతో నీళ్లిస్తే దిగి తాగి, మళ్లీ ఎక్కాను. చివరికి ఆమె నన్ను తిడుతూనే మరిదికి ఫోన్ చేసింది. నలుగురు వచ్చి, ఇంజనుకు దుంగలు కట్టి భుజాల మీద ఒడ్డుకు మోశారు. గుడ్ల మాట నేను పుట్టించిందేనని అంతమందిలో మళ్లీ ఒప్పుకోక తప్పలేదు.

మోస్తూనే మరిది అడిగాడు. "అంటే ఆ గుడ్లు తొక్కినా ఏం గాదా మామా?"

"నీకేం గాదు. దానికే పిల్లలుండవు."

అతను గుడ్ల దగ్గరికి వచ్చేసరికి, అంత బరువుతోనూ కాలు పక్కకు వేశాడు.

మర్నాడు పొద్దెక్కాక నీళ్లొచ్చాయి. ముందు సన్నగా, ఇసుక తాగినంత తాగగా మిగిలినవి నాలుక చాచినట్టు వచ్చాయి. తర్వాత వెడల్పుగా. గుడ్లు మునిగాయి. తీగలు లేచాయి. తీతువు ఆ చోటు మీదే చుట్లు తిరుగుతూ అరుస్తోంది. దాన్ని తరమడానికి ఒక్కరూ రాయి తీయలేదు.

ఒడ్డున నా పక్కనే నిలబడి ఆమె దాన్నే చూస్తూ అంది: "మనకంటే ఆటో వచ్చి చెప్పె. దానికి ఎవురు చెప్తారు మామా?"

నేను నీళ్ల అంచుకు నడిచాను. 

ఆమె కొంగు దోపుకుని మోకాటిలోతు నీళ్లలోకి దిగింది. అందిన కాయనల్లా తెంపి నావైపు విసిరింది. పచ్చికాయలు, ఇంకా వారం ఉండాల్సినవి. పది పట్టానని ఇంట్లో చెప్పాను. పట్టింది మూడు. వాటిలో రెండు నా చేతుల్లోనే పగిలాయి.