దేవి చెప్పని నొప్పి

2022 క్రిస్మస్. నర్సీపట్నంలో ఒక ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తం తీయడం, పరీక్షించడం నా పని. పండగపూట వడ్డనకీ ఆటలకీ మా ల్యాబ్ వాళ్లం ఏటా ఊరి చివర ఉన్న అనాథ పిల్లల ఆశ్రమానికి వెళ్తుంటాం. ఆ ఏడు కూడా కేకు, బిర్యానీ, బెలూన్లు పట్టుకుని వెళ్లాం.

కొత్త గౌన్లు తొడగాలని పిల్లలకి పొద్దున్నే చన్నీళ్ల స్నానాలు చేయించారు. ఎండెక్కినా చలి వదల్లేదు. మ్యూజికల్ చైర్స్ మొదలయ్యాక ఒక పిల్ల మాత్రం గోడవారనే కూర్చుంది. పేరు దేవి, పదకొండేళ్లు. ఏజెన్సీలోని కొండ ఊరి పిల్ల. తల్లీ తండ్రీ పోయాక చెల్లెలు బుజ్జితో పాటు ఇక్కడికి వచ్చింది. బుజ్జి కుర్చీల చుట్టూ పరుగెడుతుంటే చప్పట్లు కొడుతోంది గాని, అరచేతులు ఒకదానికొకటి ఆనడం లేదు.

దగ్గరికి వెళ్లి చూశాను. వేళ్లు ఉబ్బి ఉన్నాయి. కళ్లు పచ్చబడ్డాయి.

"ఏటమ్మా, నొప్పిగుందా?"

"నేదండి."

"మరి ఆడవేటి?"

"సెల్లి ఆడతంది కదండి."

మోకాలి మీద మెల్లగా చెయ్యి వేస్తే పళ్లు బిగబట్టింది. బతిమాలగా బతిమాలగా నా చెవిలో చెప్పింది. "కాళ్లూ సేతులూ పీకేత్తన్నాయండి. అమ్మగారికి సెప్పకండి. జబ్బని తెలిస్తే నన్ను ఏరే సోటికి అంపేత్తారు. సెల్లి ఒక్కర్తే ఉండిపోద్ది."

ఆ అమ్మగారు, ఆశ్రమం చూసుకునే సుశీలమ్మ గారు, చెడ్డ మనిషి కాదు. నేను చెబితే విని నీరుగారిపోయారు. "ఎప్పుడడిగినా బాగున్నాననే అంటాదండి. పదండి, బేగి ఆస్పత్రికి తీసుకెల్దాం" అన్నారు. బుజ్జి గేటు దాకా వెంటవచ్చింది. "నా కేకు దాసుంచే, వొచ్చేత్తాను" అంది దేవి ఆటోలోంచి.

రక్తం నేనే తీశాను. గాజుపలక మీద పలచగా పూసి మైక్రోస్కోప్ కింద పెడితే, గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవళ్లలా వంగి ఉన్నాయి. దీన్ని సికిల్ సెల్ అంటారు. తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే జబ్బు. చలి తగిలితే ఆ కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పి. డాక్టరు గారు సెలైన్, ఆక్సిజన్ పెట్టించారు. మర్నాటికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. విశాఖలో పెద్దాసుపత్రికి రిఫర్ చేశారు. దేవి అక్కడే పోయింది.

ఒక తల్లి పిల్లలే కనుక బుజ్జికీ పరీక్ష చేయాల్సివచ్చింది. సూది చూడగానే చెయ్యి వెనక్కి దాచుకుంది.

"నాకేటీ నొప్పి నేదండి" అంది. "అక్క మీకు సెప్పింది. మీరు తీసుకెల్లిపోయారు. మల్లీ తేనేదు."

సుశీలమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. దాచుకున్న చెయ్యి మెల్లగా ముందుకి తీసుకున్నాను. ఆ చిన్న వేలు పట్టుకుని సూది గుచ్చాను. బుజ్జి రక్తంలోనూ అదే జబ్బు.

తొందరగా తెలియడం వల్ల మందులు మొదలయ్యాయి. రోజూ మాత్ర వేసుకుంటోంది, బడికి వెళ్తోంది. ఆశ్రమంలో ఇప్పుడు చలికాలమంతా వేణ్నీళ్లే.

కణాల్ని గుర్తుపట్టడం నాకు చదువు నేర్పింది. నొప్పి లేదని పిల్ల అంటే, తను దేనికి భయపడుతోందో ముందు కనుక్కోవాలని దేవి వల్ల తెలిసింది. ఇప్పుడు ఆశ్రమం పిల్లలెవరు వచ్చినా, ఎక్కడికి తీసుకెళ్తామో, పక్కన ఎవరుంటారో చెప్పాకే సూది తీస్తాను. బుజ్జికీ ప్రతిసారీ చెబుతాను. చెప్పినంతసేపూ వింటుంది, తలూపుతుంది. నొప్పి ఉందా అని అడిగితే మాత్రం ఇప్పటికీ లేదనే అంటుంది.