తొక్కుడు రంపం

మా నాన్నకు పక్షవాతం వచ్చిన ఏడాది, వీధిలో ప్రతివాళ్ళకీ వైద్యం వచ్చు. పావురం నెత్తురు రాయమన్న వాళ్ళున్నారు, రాయలేదని అలిగిన వాళ్ళూ ఉన్నారు. నరసరావుపేట పెద్దాసుపత్రి డాక్టరు మాత్రం, "ప్రాణం దక్కింది, అదే పదివేలు" అన్నాడు. ప్రాణం దక్కిన మనిషి ఆ తరవాత ఏం చెయ్యాలో ఆయనా చెప్పలేదు.

నాన్న వడ్రంగి. తలుపులూ మంచాలూ చేసే రకం కాదు. దేవుడి మందిరాలకు జాలీ కోసేవాడు. పల్చటి టేకు చెక్క మీద తీగలూ, నెమళ్ళూ, శంఖుచక్రాలూ గీసుకుని, దారమంత సన్న బ్లేడున్న చేతిరంపాన్ని కుడిచేత్తో ఆడిస్తూ, ఎడంచేత్తో చెక్క తిప్పుతూ కోసేవాడు. కోసిన రంధ్రాల లోపలి అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దే పని అమ్మది. పెళ్ళైనప్పటి నుంచీ అదే రుద్దుడు.

ఇప్పుడు కుడిచెయ్యి ఒళ్ళో పడుకుని ఉండేది. కుడికాలు ఈడ్చేవాడు. చూడవచ్చిన వాళ్ళందరికీ ఒకటే చెప్పేవాడు: "చూపు పోలా, గీత పోలా. లాగే చెయ్యి పోయింది, అంతే. రంపం లాగేవాడుంటే ఇప్పుడైనా కోస్తా." వాళ్ళు వెళ్ళాక కంచంలో సగం అన్నం పక్కకు తోసేవాడు. "పనిలేని పొట్టకు ఇంతెందుకే" అని అమ్మ మీద విసుక్కునేవాడు. మనిషి మా కళ్ళముందే తరుగుతున్నాడు.

"రంపం లాగేవాడుంటే" అన్న మాట విని అందరూ అయ్యో అన్నారు. నేను నమ్మాను. అప్పుడు డిగ్రీలో ఫిజిక్సు చదువుతున్నాను. లాగే చెయ్యి ఒక్కటే లోటైతే, లాగేదాన్ని చేస్తే సరిపోతుంది కదా! అమ్మ పూట గడవడానికి జాకెట్లు కుడుతుంటే మిషను సూది నా ఎదురుగానే పైకీ కిందికీ ఆడుతోంది. సూది ఉన్నచోట రంపం బ్లేడు ఉంటే చాలు.

పాత ఇనుప సామాన్ల కొట్లో తల లేని కుట్టుమిషను స్టాండు దొరికింది. చక్రమూ, తొక్కే పలకా బాగానే ఉన్నాయి. లారీ బాడీలు కట్టే షెడ్డులో తుమ్మచెక్క ముక్కలూ, పనికిరాని బోల్టులూ ఏరుకున్నాను. వాటిని రిక్షాలో వేసుకుని వస్తుంటే పక్కింటి అత్త గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏందమ్మాయ్, కాలేజీ చదువు పాతినుం ఏరుకోడానికా?"

"అవునత్తా. నీ నోరు కూడా తుప్పు పట్టాక చెప్పు, వచ్చి తీసుకెళ్తా."

"చూశావా వదినా, దీని నోరు!" అని అత్త అమ్మకు ఫిర్యాదు చేసింది. అమ్మ మిషను ఆపకుండానే, "నోరుంటే ఉండనీలే వదినా, అదన్నా ఆడుతుంది ఈ కొంపలో" అంది.

పైనొక చెక్క చెయ్యి, కిందొక చెక్క చెయ్యి, వాటి ముందు కొసల మధ్య బ్లేడు. వెనక కొసల్ని పొడుగు బోల్టుతో బిగించి, కింది చేతిని చక్రానికి కలిపాను. బ్లేడు బిగువు తప్పకుండా సైకిలు సీటు స్ప్రింగు పెట్టాను. మొదట చేతులు రెండూ సమానంగా లేక తొక్కిన ప్రతిసారీ బ్లేడు ఠప్పున తెగేది. అది సరిచేస్తే చెక్క బ్లేడుతో పాటు ఎగరడం మొదలెట్టింది. విరిగిన గరిటె కాడ వంచి చెక్కను అదిమిపెట్టేలా బిగించాక కుదుటపడింది. నాన్న మంచం మీద నుంచి అన్నీ చూస్తూనే ఉన్నాడు.

తయారైంది, రమ్మన్నాను.

"నేను తొక్కను" అన్నాడు.

"ఎందుకని?"

"దసరాకు బొట్టుపెట్టి దణ్ణం పెట్టుకునే పనిముట్టును కాలితో తన్నమంటే ఎట్టా తంతానే? మా నాయన రంపం దాటితేనే వీపు చీరేవాడు."

"అమ్మ మిషను తొక్కట్లా?"

"అది మిషను."

"ఉలి కొట్టేటప్పుడు చెక్కను కాలి బొటనవేలితో అదిమి పట్టలేదా నువ్వు?"

"చెక్క వేరు. రంపం వేరు. నీతో నేను వాదించలేను, పో."

నేను మాత్రం వాదించగలను. తొక్కేది రంపాన్ని కాదు, పలకను అన్నాను. కాలు ఇచ్చిన దేవుడే చెయ్యి తీసుకుంటే ఎవరిని అడుగుతావన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన్ని లేపింది నా వాదన కాదు. వినుకొండ నుంచి ఒక శెట్టిగారు వచ్చాడు. పాత బేరగాడు. కొత్త ఇంటి మందిరానికి నెమళ్ళ జాలీ కావాలి. నాన్నను చూసి నసిగాడు. "పోనీలే మేస్త్రీ, గుంటూరులో ఇంకెవరికన్నా చెప్తాలే."

"ఎవరికీ చెప్పబాకయ్యా. నేను కోస్తా" అన్నాడు నాన్న.

మర్నాడు స్నానం చేసి వచ్చి స్టాండు ముందు కూర్చున్నాడు. ఎడంకాలి వేళ్ళు పలకకు ఆనించి, వెంటనే వంగి పలకను తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు తొక్కాడు. బ్లేడు ఆడింది. తీగ గీసిన చెక్కను ఎడంచేత్తో లోపలికి తోశాడు.

రంపం ఎక్కడా ఆగలేదు. గీతే జారిపోయింది. వంపు దగ్గర చెక్క తిరగాల్సినంత తిరగలేదు, బ్లేడు ఆకు మధ్యలోంచి పోయింది. ఇంకో ముక్క అందించాను. నెమలి మెడ తెగింది. మూడో ముక్కకు ఆయన నన్ను చూడలేదు, చెక్కనూ చూడలేదు. తన ఎడంచేతినే చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఎడంచెయ్యి చెక్క తిప్పిందని అనుకున్నాం, ఆయన కూడా అదే అనుకున్నాడు. కుడిచెయ్యి ఎటు వంగితే ఎడమ అటు తిరిగేదని అప్పుడు తెలిసింది.

కాలు ఆపాడు.

"రంపం బాగుందే" అన్నాడు. గోడ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు. ఆ తరవాత ఎవరొచ్చినా "లాగేవాడుంటే" అన్న మాట ఆయన నోట రాలేదు.

శెట్టిగారికి మాట ఇచ్చాం కదా. ఒక మధ్యాహ్నం అమ్మ కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి, కొంగు బిగించి స్టాండు ముందు కూర్చుంది. తొక్కడం ఆమెకు కొత్త కాదు. ఆ వంపులన్నీ లోపలి నుంచి రుద్ది రుద్ది వేళ్ళకు తెలిసినవే. చెడిపోయిన చెక్కలు కొన్ని పొయ్యిలోకి పోయాయి, ఆ తరవాత నెమలి వచ్చింది. నాన్న చెవుల మీద తుండుగుడ్డ కప్పుకుని పడుకున్నాడు.

శెట్టిగారు జాలీని వెలుతురుకు పెట్టి చూసి, "నీ పనితనం ఎక్కడికి పోయిద్ది మేస్త్రీ!" అన్నాడు. నేను నోరు తెరిచాను. అమ్మ ఒక్క చూపు చూసింది. నాన్న తల ఊపాడు. ఆ పూట అన్నం అసలు ముట్టలేదు.

దసరా వచ్చింది. ఉలులూ, బాడిసా, చిత్రికా కడిగి వరసగా పీట మీద పెట్టాం. నాన్న ఎడంచేత్తో అన్నిటికీ బొట్లు పెట్టి, నా స్టాండు దగ్గర ఆగిపోయాడు.

"ఆ తొక్కుడు పలక ఊడదియ్యి. అప్పుడు పెడతా."

స్పానరు తెచ్చి ఊడదీశాను. చెక్క చేతులకు రెండిటికీ కుంకుమ పెట్టాడు, పువ్వు పెట్టాడు. లేస్తూ, "ఇంక దాన్ని బిగించబాకండి" అన్నాడు.

"రేపు బిగిస్తా. తినాల గదా" అంది అమ్మ.

అమ్మ అన్నట్టే మర్నాడు బిగించింది.

మరుసటి దసరాకు నాన్న లేడు. బొట్లు పెట్టడానికి అమ్మ ముందుకు రాలేదు, ఆ పని నాకొచ్చింది. ముందు స్పానరు తీసుకుని, పలక ఊడదియ్యడానికి స్టాండు దగ్గర కూర్చున్నాను.

"ఇప్పుడెందుకే అది? అడిగే మనిషే పాయె" అంది అమ్మ.

"సాయంత్రం బిగిస్తాలే" అన్నాను.