చేతికివ్వని మిరపకాయలు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో కూకట్‌పల్లిలోని తమ అపార్ట్‌మెంట్ డాబా ఎక్కి, భ్రమరాంబగారు ముందుగా మిరపమొక్కలను తిడతారు. "తాగడానికి ముందుంటారు, కాయడానికే బద్ధకం!" అంటూ ముడుచుకున్న ఆకులు గిల్లి పారేస్తారు. తిట్లయ్యాకే నీళ్లు. ఊళ్లో తినే కూరలు ఊళ్లోనే పండాలని హైటెక్ సిటీలోని ఓ కంపెనీ ఆ డాబా తోటకు గ్రాంటు ఇస్తోంది. రెండో విడత వస్తేనే నీళ్ల ట్యాంకు. ట్యాంకు లేకపోతే ఎండాకాలానికి తోట మాడిపోతుంది. అందుకు కంపెనీ అడిగింది ఒక్కటే, పండించినావిడ పొరుగావిడ చేతిలో కూరలు పెడుతున్న ఫొటో.

ఆ రోజు కోతకొచ్చినవి మిరపకాయలు మాత్రమే. వాటిని అందుకోవడానికి కంపెనీ ఉద్యోగి లోహిత్, ఏమీ తెలియక, కింది ఫ్లాటు సంయుక్తను పిలుచుకొచ్చాడు. మొక్కల నీళ్లకు తన పడగ్గది గోడ చెమ్మెక్కిందని ఆవిడ ఏడాదిగా భ్రమరాంబగారితో మాట్లాడటం లేదు. భ్రమరాంబగారు కాయలను పిట్టగోడ మీద పెట్టారు.

"చేతిలో పెట్టండి ఆంటీ," అన్నాడు లోహిత్.

"మిరపకాయలు చేతికిస్తే గొడవలొస్తాయి బాబూ!"

మొక్కలకు నీళ్లు పోస్తున్న పనిమనిషి సత్తెమ్మ పకపకా నవ్వింది. "ఇగ కొత్తగ వచ్చేదేముందమ్మా? మీ లొల్లికి ఏడాది నిండె. ఇయ్యుండ్రి, ట్యాంకన్న వస్తది!"

సంయుక్త మూతి బిగించి అరచేయి చాపింది. భ్రమరాంబగారు కళ్లు గట్టిగా మూసుకుని కాయలు పెట్టేశారు. ఫొటోలో భ్రమరాంబగారు దేవుడికి నైవేద్యం పెడుతున్నట్టు పడ్డారు.

ట్యాంకు వచ్చింది కానీ ఇద్దరికీ ఇంకా మాటల్లేవు. ఆదివారాలు డాబా మీద జరిగే కూరల అమ్మకాల్లో భ్రమరాంబగారు మిరపకాయలు పిట్టగోడ మీద పెడతారు, సంయుక్త తీసుకుంటుంది.